ఉత్సవాగ్ని: చేతివత్తి నుండి విద్యుత్తీగ దాకా

కుంభాభిషేకం ముగిసిన రాత్రి ఆకాశంలో విరిసే బాణసంచాకు కూడా ఒక చరిత్ర ఉన్నదని మనం సాధారణంగా తలచుకోము. ప్రత్యేకించి దానికే విరాళమిచ్చే దాతలు మన ప్రాంతంలో ఉన్నారు గనుక, ఆ చరిత్రను ఒకసారి మీ ముందుంచడం ఉచితమని భావిస్తున్నాను.

హేరాతు నుండి రాయబారిగా వచ్చిన అబ్దుర్ రజాక్ 1443లో విజయనగరంలో మహానవమి ఉత్సవాలను తిలకించి, అక్కడి బాణసంచాను తన గ్రంథంలో ప్రస్తావించాడు. ఆ తరువాత శతాబ్దాల పాటు పద్ధతి ఒక్కటే. ఒక మనిషి నిప్పుతో వత్తి దగ్గరకు వెళ్లాలి, అంటించి వెనుకకు పరుగెత్తాలి. నిప్పురవ్వ ఎటు పడితే అటు వరుస తప్పేది. 1749 ఏప్రిల్ 27న లండను గ్రీన్ పార్కులో హాండెల్ సంగీతంతో జరిగిన రాజోత్సవంలో బాణసంచా కోసం కట్టిన మండపమే అంటుకున్నది.

ఈ చిక్కుకు విరుగుడును పెంచి పోషించినది ఉత్సవప్రాంగణం కాదు, గని. 1830ల తొలినాళ్లలో అమెరికా రసాయనవేత్త రాబర్ట్ హేర్ సన్నని తీగను విద్యుత్తుతో కాల్చి, దూరం నుండి మందును పేల్చే పద్ధతిని రూపొందించాడు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వాసులకు ఇది పరిచితమైన విద్యయే. సింగరేణి గనిలో షాట్‌ఫైరర్ బొగ్గులో తొలిచిన రంధ్రాలకు డిటొనేటర్లు అమర్చి, తీగలు కలిపి, అందరినీ దూరంగా పంపిన తరువాతనే ఎక్స్‌ప్లోడరు పిడి తిప్పుతాడు. ఆ పిడి అతని దగ్గరనే ఉండాలి. మరొకరి చేతికి ఇవ్వరాదు. డిటొనేటర్లన్నీ ఒక్కసారి పేలవు. సెకనులో సుమారు నలభయ్యవ వంతు వ్యవధితో ఒకదాని వెంట ఒకటి పేలేటట్లు చేస్తే అదురు తగ్గుతుంది, బొగ్గు చక్కగా విడుతుంది.

నేటి బాణసంచా యంత్రం దీనికి చెల్లెలి వంటిది. ప్రతి గొట్టంలోని గుండుకు సన్నని తీగ మీద మందు పూసిన విద్యుత్ వత్తి ఉంటుంది. ప్రతి తీగకు ఒక సంఖ్య, ప్రతి సంఖ్యకు ఒక క్షణం. నిప్పు పుట్టించలేనంత స్వల్ప విద్యుత్తును ముందుగా పంపి తీగ తెగినదేమో పరీక్షిస్తారు. తాళంచెవి పెట్టనిదే పేల్చే విద్యుత్తు కదలదు. నాదస్వరంలో ఏ స్వరానికి ఏ జువ్వ లేవాలో కూడా కంప్యూటరులో ముందే వ్రాసి పెట్టవచ్చును.

యంత్రమూ పొరబడుతుంది. 2012 జూలై 4న అమెరికాలోని శాండియాగో ఓడరేవులో సుమారు పద్దెనిమిది నిమిషాలు సాగవలసిన ప్రదర్శన, కంప్యూటరు ఆదేశాలలోని దోషం వలన అర నిమిషంలోపే ఒక్కుమ్మడిగా పేలిపోయినది. జనం నవ్వుకున్నారు. ఒక్కరికీ గాయం కాలేదు, ఎందుకంటే గుండ్ల దగ్గర మనిషి లేడు. కేరళలోని పరవూరు పుట్టింగల్ ఆలయంలో 2016 ఏప్రిల్ 10 వేకువజామున జరిగినది వేరు. జిల్లా యంత్రాంగం అనుమతి నిరాకరించినా పోటీగా సాగిన ప్రదర్శనలో నిప్పురవ్వలు బాణసంచా నిలువచేసిన గదిలో పడి నూరుమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పవలసి ఉన్నది. విద్యుత్తీగ చేతిని నిప్పుకు దూరం చేస్తుంది గాని, జనం నడుమ ఉన్న నిలువగదిని దూరం చేయదు. యంత్రం కొన్నాము గదా అని నిశ్చింతగా ఉండే కమిటీని చూస్తే నాకు భయం.

అందుచేత విరాళమిచ్చే ముందు కాంట్రాక్టరును మూడు ప్రశ్నలు అడగండి. నిలువ ఎక్కడ? తాళంచెవి ఎవరి వద్ద? పేలని గుండును ఎవరు, ఎప్పుడు తీస్తారు? ఈ చివరిదాన్ని తేలికగా విడువకండి. మందు పేలకపోతే మామూలు వత్తికి 30 నిమిషాలు, విద్యుత్తుతోనైతే తీగ విప్పిన తరువాత కనీసం 5 నిమిషాలు ఎవరూ దగ్గరకు పోరాదని 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు చెప్పాయి. మన పిల్లలు తెల్లవారకముందే ఆ మైదానంలో పేలనివి ఏరుకోవడానికి బయలుదేరుతారు. వారికన్నా ముందు అక్కడ ఒక పెద్దమనిషి లాంతరుతో నిలబడి ఉండాలి.