బళ్ళారి కలెక్టరు చూసిన వీధిబడి

మా అనంతపురం 1882 దాకా బళ్ళారి జిల్లాలోనే ఉండేది. అందుకే బళ్ళారి కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1823లో మద్రాసుకు పంపిన నివేదిక నాకు మా ఊళ్ళ కథలాగే అనిపిస్తుంది. బడుల లెక్క పంపమని అన్ని జిల్లాలనూ అడిగింది గవర్నరు మన్రో. క్యాంబెల్ తేల్చిన లెక్క 533 బడులు, 6,641 మంది పిల్లలు. వాటిలో తెలుగు బడులు 226.

పొద్దున ఆరింటికే బడి. అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడికి సున్న, అంటే మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆపైన వచ్చినవాడికల్లా ఒక్కోటి ఎక్కువ. ఆ దెబ్బలను నేను సమర్థించను. అక్షరాలు ఇసుకలో వేలితో దిద్దేవారు. చేయి తిరిగాక గంజీ బొగ్గుపొడీ పట్టించిన కడితం గుడ్డ మీద బలపంతో రాసేవారు. ఖర్చు దాదాపు లేనట్టే.

క్యాంబెల్‌ను మెప్పించింది మరొకటి: పెద్దపిల్లలు చిన్నవాళ్ళకు చెప్పడం. చెప్పేవాడి చదువూ గట్టిపడుతుందని ఆయనే రాశాడు. అప్పటికే ఈ పద్ధతి ఇంగ్లండు చేరింది. మద్రాసు ఎగ్మోర్ అనాథశాలలో దీన్ని వాడి చూసిన ఆండ్రూ బెల్ 1797లో లండన్‌లో పుస్తకం అచ్చువేశాడు.

ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి పాఠం చెప్పినవాణ్ణి నేను. మూడో తరగతి పిల్ల చిన్నోడి చేయి పట్టుకుని 'కి' దిద్దిస్తూ, గుడి ఎక్కడ తిప్పాలో తనకే సందేహం వచ్చి ఆగేది. గోడమీది గుణింతం చూసుకుని మళ్ళీ మొదలుపెట్టేది. ఆ రోజు ఇద్దరికీ 'కి' వచ్చినట్టే.

లోపాలూ క్యాంబెల్ దాచలేదు. అర్థం తెలియని పద్యాలు వల్లె వేయించేవారు. ఆడపిల్లలు 60 మందే. విలాయతి బట్ట వచ్చి నేతగాళ్ళ బతుకు చితికిపోవడంతో చాలా ఊళ్ళలో బడి కూడా పోయింది.

ఒక్కరే పాఠం చెప్పే సర్కారు బడులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి టీచర్లకు నా విన్నపం ఒకటే: రోజూ అరగంట పెద్దవాళ్ళను చిన్నవాళ్ళ పక్కన కూర్చోబెట్టండి, మీరు దగ్గరుండి వినండి. ఈ పద్ధతి ఉంది కదా అని ప్రభుత్వం మాత్రం ఖాళీలు నింపకుండా ఉండకూడదు. పిల్లలు పిల్లలకు సాయం చేయగలరు, పంతులు కాలేరు.