గుర్రాలక్క కథలో గుర్రం ఏది?

మాఘమాసం వచ్చిందంటే నగరం ఊరి చుట్టుపక్కల అందరి నోటా అంతర్వేది తీర్థం మాటే. తాటిపాక, రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి మీదుగా జనం బయలుదేరుతారు. దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, మర్నాడు భీష్మ ఏకాదశికి రథం. నాకు మాత్రం స్వామి కథ కంటే, ఆయన గుడికి కిలోమీటరు దూరంలో వేరే గుడి కట్టించుకున్న గుర్రాలక్క కథే ఆసక్తి.

స్థలపురాణం ఆవిణ్ణి అశ్వరూఢాంబిక అంటుంది. హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడు తపస్సు చేసి శివుడి దగ్గర ఒక వరం పట్టాడు. తన ఒంటి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుట్టాలి! ఆ ధీమాతో వశిష్ఠుడి నూరుగురు కొడుకుల్నీ చంపాడు. వశిష్ఠుడు మొరపెట్టుకుంటే నరసింహుడు వచ్చాడు. కానీ చక్రం వేసినకొద్దీ రాక్షసులు పుట్టుకొస్తున్నారు. అప్పుడు స్వామి మాయాశక్తిని సృష్టించాడు. ఆవిడ నాలుక చాచి ఒక్క చుక్క కూడా నేల తాకకుండా పట్టింది. పట్టిన నెత్తురు తర్వాత రక్తకుల్య అనే ఏరైంది.

ఇది ఎక్కడో విన్నట్టుందే అనిపిస్తే తప్పు లేదు. మార్కండేయ పురాణంలో రక్తబీజుణ్ణి చంపేటప్పుడు కాళి చేసింది ఈ పనే. అయితే అక్కడ బొట్టుకో రాక్షసుడు, ఇక్కడ రేణువుకో రాక్షసుడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట కథ చెప్పేవాడి కాళ్ళ కింద ఉన్నదంతా ఇసుకే కదా! పాత కథను మన ఊరికి తెచ్చుకోవడమంటే ఇదీ. ఆ ఒక్క మార్పుతో రాక్షసుడి బలం ఎన్ని రెట్లు పెరిగిందో ఇసుకలో నడిచినవాడికి వేరే చెప్పాలా?

ఇక వరస సంగతి. పురాణం ప్రకారం ఆవిడ స్వామి సృష్టించిన శక్తి. ఆచారంలో మాత్రం తోబుట్టువు. రథోత్సవంలో స్వామి ఆవిడ గుడికి వెళ్ళి చీర, సారె ఇచ్చి వస్తాడు. మన గ్రామదేవతలకు తమ్ముడిగా పోతురాజు ఉండటం మామూలే. అంతర్వేదిలో ఆ చోటు నరసింహుడికి దక్కింది. ఊరి అక్క ముందు, సంస్కృత కథ తర్వాత వచ్చాయని నా ఊహ. ఎందుకంటే ఆ యుద్ధంలో నాలుకకు పనుంది, గుర్రానికి ఏ పనీ లేదు!

అందరికీ తెలిసిన కథలో చోటు లేని గుర్రం ఊరి దేవతకు మిగలడం గ్రీసులోనూ ఉంది. పంటల తల్లి డిమీటర్ అనగానే కూతురు పెర్సెఫొనీని వెతుక్కున్న కథే అందరికీ తెలుసు. ఫిగాలియా ఊళ్ళో మాత్రం ఆవిడ విగ్రహానికి ఆడ ఒళ్ళు, గుర్రం తల. సముద్రదేవుడు పొసైడన్ వెంటపడితే ఆడగుర్రమై దాక్కుందనీ, అతనూ గుర్రమై వచ్చాడనీ, ఆ కోపంతో నల్లబట్ట కట్టి గుహలో కూర్చుందనీ అక్కడివాళ్ళ కథ. రెండో శతాబ్దంలో పౌసేనియస్ అనే యాత్రికుడు దీన్ని రాసిపెట్టాడు. ఆ పాత కొయ్య విగ్రహం కాలిపోతే, కరువు వచ్చి దైవవాక్కు హెచ్చరించేదాకా ఆ ఊరివాళ్ళు కొత్తది చేయించలేదట.

అంతర్వేదిలో 2020 సెప్టెంబరులో స్వామి రథం కాలిపోయింది. 2021 భీష్మ ఏకాదశి నాటికి కొత్తది వీధుల్లోకి వచ్చేసింది.