గాజు వెనక చెరువు

కోలారు జిల్లాలో ఏడాది పొడవునా పారే ఏరు ఒక్కటీ లేదు. నందికొండల్లో పుట్టిన పాలారు ఈ జిల్లా మీదుగానే తమిళనాడుకు పోతుంది గానీ, వానలు బాగా పడిన ఏడు తప్పిస్తే మనకు కనబడేది దాని ఇసుకే. ఇక్కడి పంటా పాడీ అంతా చెరువుల మీద ఆధారం. ఎండలు ముదిరేసరికి ఆ చెరువులూ అడుగంటుతాయి. బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో ఎండకు దుమ్ము కూడా తోడు. వందేళ్లకు పైగా రాయిని పిండి చేసి, బంగారం తీసుకుని, మిగిలిన పొడిని గుట్టలుగా పోశారు. ఊళ్లో అందరూ సైనైడ్ దిబ్బలనే అంటారు. వేసవి గాలికి ఆ పొడి లేచి కార్మికుల కాలనీల మీద పడుతుంది. పిల్లలకు బడి సెలవులిచ్చే రోజులూ, తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చోవలసిన రోజులూ ఒకటే.

అందుకని వేసవిలో ఒక రోజు బెంగళూరు ప్రయాణం పెట్టుకోవడం ఈ ఊళ్లలో మామూలు. మారికుప్పంలో పొద్దున్నే రైలెక్కితే చాంపియన్, ఊరుగాం, కోరమాండల్ ఒక్కొక్కటే దాటి, బంగారుపేట మీదుగా పట్నం చేరొచ్చు. చిత్రాన్నం, పెరుగన్నం డబ్బాల్లో కట్టుకుని, నీళ్ల సీసాలు సంచిలో పెట్టుకుని కబ్బన్ పార్కుకు వెళ్లేవాళ్లు. అక్కడ కస్తూర్బా రోడ్డు వారనే పాత మ్యూజియం, విశ్వేశ్వరయ్య పేరిట కట్టిన యంత్రాల మ్యూజియం, పిల్లల రైలు ఉన్నాయి. పార్కు గేటు పక్కన 1983లో మరొకటి చేరింది. కర్ణాటక మత్స్యశాఖ నడిపే ప్రభుత్వ అక్వేరియం. మిట్టమధ్యాహ్నం ఎండలోంచి అందులోకి అడుగుపెడితే కళ్లు ఒక్క క్షణం ఏమీ చూడలేవు. తర్వాత మెల్లగా గోడల్లో వెలుగుతున్న నీళ్లు కనబడతాయి. అందులో రంగు చేపలూ ఉన్నాయి, మనం తినే చేపలూ ఉన్నాయి.

ఆ చల్లని గది వెనక నూట ఎనభై ఏళ్లకు పైబడిన కథ ఉంది. ఆ కథంతా నాకు ఊపిరి కథగానే కనిపిస్తుంది. నాలుగు వైపులా మూసిన చోట ప్రాణం నిలవాలంటే ఏం చేయాలి? బంగారు గనుల్లో దిగినవాళ్ల బిడ్డలకు ఈ ప్రశ్న కొత్తది కాదు.

సముద్ర జీవులను గాజు తొట్టిలో పెట్టి గమనించిన తొలి మనిషిగా చరిత్ర చెప్పే పేరు ఒక దర్జీ ఆవిడది. జాన్ విల్‌ప్రూ పవర్ ఫ్రాన్సులోని పల్లెటూరి పిల్ల. పారిస్‌లో బట్టలు కుడుతూ ఒక రాకుమారి పెళ్లి గౌను కుట్టి పేరు తెచ్చుకుంది. పెళ్లయ్యాక సిసిలీ దీవిలో మెస్సీనా పట్నంలో కాపురం పెట్టింది. ఆక్టోపస్ జాతికి చెందిన ఆర్గొనాట్ అనే జీవి పల్చని తెల్ల గుల్లలో ఉంటుంది. ఆ గుల్ల దాని సొంతమా, ఇంకెవరిదో కాజేసిందా అని పండితులు చాలాకాలం వాదులాడుకున్నారు. ఆవిడ 1832లో గాజు తొట్లు చేయించి, అందులో ఆర్గొనాట్లను పెంచి, పిల్లగా ఉన్నప్పటి నుంచీ గమనించింది. గుల్లను అదే కట్టుకుంటుందనీ, చిట్లితే మళ్లీ అతుకు వేసుకుంటుందనీ తేల్చింది. ఇంత చేసిన మనిషి పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఎక్కడా లేకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తొట్టి దొరికినా ఊపిరి సమస్య తీరలేదు. చేప నీళ్లలో కరిగిన ప్రాణవాయువునే పీలుస్తుంది. అది అయిపోతే, నీళ్లు మార్చకపోతే, చచ్చిపోతుంది. లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయం కనిపెట్టి 1850లో ప్రకటించాడు. తొట్టిలో గోల్డ్‌ఫిష్‌తో పాటు వాలిస్నేరియా అనే నీటిమొక్క నాటాడు. మొక్క వెలుతురులో ప్రాణవాయువు విడిచింది. కొన్నాళ్లకు దాని ఆకులు కుళ్లి నీళ్లు చెడసాగాయి. అప్పుడు చెరువు నత్తలను వదిలాడు. కుళ్లిన ఆకులు నత్తలు తిన్నాయి, నత్తల గుడ్లు చేపలు తిన్నాయి. నీళ్లు మార్చే పని లేకుండా పోయింది. మన పల్లె కుంటల్లో రోజూ జరిగేది ఇదే. లెక్కకట్టి గాజులో పెట్టి చూపించింది మాత్రం ఆయనే.

అంతకు ఐదేళ్ల ముందు, 1845లో, ఇంగ్లండులో గాజు మీద పన్ను ఎత్తేశారు. గాజు చవకైంది. 1853లో లండన్ జంతుప్రదర్శనశాల ఇనుముతోనూ గాజుతోనూ ఒక చేపల ఇల్లు కట్టి జనానికి తెరిచింది. ప్రపంచంలో ప్రజల కోసం తెరిచిన మొదటి అక్వేరియం అదే. దానికి సముద్ర జీవులను సమకూర్చడంలో చేయి కలిపిన ఫిలిప్ హెన్రీ గోస్, మరుసటి ఏడు అక్వేరియం పేరుతోనే పుస్తకం రాశాడు. దాంతో ఇళ్లల్లో తొట్లు పెట్టుకునే పిచ్చి మొదలైంది. సముద్రానికి దూరంగా ఉన్నవాళ్ల కోసం, మంచినీళ్లలో లవణాలు కలిపి ఉప్పునీళ్లు తయారుచేసుకునే పాళ్లు కూడా గోస్ చెప్పాడు. బెంగళూరు లాంటి మెట్ట ఊళ్లో సముద్రపు చేప బతకగలగడానికి మూలం ఆ పాళ్లే.

మొక్కలతో నడిచేది చిన్న తొట్టి. వేలమంది వచ్చే పెద్ద భవనానికి అది చాలదు. ఆ లెక్క మార్చినవాడు విలియం ఆల్ఫర్డ్ లాయిడ్. 1871లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర ఆయన అమర్చిన అక్వేరియంలో, పైన జనం చూసే తొట్లలోని నీళ్ల కన్నా కింద నేలమాళిగలో దాచిన నీళ్లే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆవిరి యంత్రాలు రాత్రీ పగలూ ఆ నీటిని పైకి తోడుతూ, తొట్లలోంచి కిందకు దింపుతూ ఉండేవి. పైనుంచి పడేటప్పుడు నీటిలో గాలి కలిసేది. కింద వెలుతురు లేదు కాబట్టి పాచి పట్టేది కాదు. మాళిగలో నీళ్లు చల్లగా ఉండేవి. ఇవాళ ఏ దేశంలోనైనా పెద్ద అక్వేరియానికి వెళ్లి, జనానికి చూపించని గదులు చూస్తే ఇదే పద్ధతి కనబడుతుంది. పంపులు, వడపోత తొట్లు, చల్లబరిచే యంత్రాలు. చేప మన కంటికి కనబడేంత సేపూ, గోడ వెనక ఎవరో ఒకరు నీళ్లు నడిపిస్తూనే ఉంటారు.

ఈ నేలకింది నీళ్ల సంగతి చదివినప్పుడల్లా నాకు కేజీఎఫ్ గుర్తొస్తుంది. జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ 1880లో ఇక్కడ అడుగుపెట్టింది. చాంపియన్ రీఫ్ గని చివరికి మూడు కిలోమీటర్ల లోతు దాటింది. అంత అడుగున రాతి వేడి 60 డిగ్రీలకు పైన. తాకితే చేయి కాలే రాయి మధ్య మనిషి పనిచేయాలంటే పైనుంచి గాలి దింపాలి, ఆ గాలిని చల్లార్చాలి, ఊట నీటిని పైకి తోడాలి. శివసముద్రం దగ్గర కావేరి నీళ్లతో తీసిన కరెంటు 1902లో దాదాపు 147 కిలోమీటర్ల తీగల మీద ఇక్కడికి వచ్చింది గనులను నడపడానికే. ఊళ్లో తాగేందుకు బేతమంగల చెరువు నీళ్లను పంపులతో కొట్టేవాళ్లు. అక్వేరియంలో చేపకు చేసేదంతా గనిలో మనిషికి చేశారు. ఫ్యాను ఆగితే ఏమవుతుందో గని షిఫ్టు చేసిన ప్రతి మనిషికీ తెలుసు.

మన దేశానికి అక్వేరియం మద్రాసు మీదుగా వచ్చింది. మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉన్న ఎడ్గార్ థర్‌స్టన్ పూనికతో మొదలైన ఆలోచన, 1909 అక్టోబరులో మెరీనా తీరంలో భవనంగా తయారైంది. ఆసియాలోనే మొదటి వాటిలో ఒకటి. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాలకు రాజధాని మద్రాసే. పల్లెల నుంచి చెన్నపట్నం చూడబోయినవాళ్లు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతుప్రదర్శనశాలను బతికిన కాలేజీ అనీ పిలుచుకునేవాళ్లు. ఆ జాబితాలో సముద్రం ఒడ్డున చేపల ఇల్లూ చేరింది. కోలారు గనులకు 1894 నుంచే రైలు ఉంది. బంగారుపేట, జోలార్‌పేట మీదుగా మద్రాసు దారి తెరిచే ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో జపాను బాంబుల భయం పట్నాన్ని పట్టుకున్నప్పుడు, 1942లో ఆ అక్వేరియం మూతపడింది. మళ్లీ తెరవలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో బొంబాయి మెరైన్ డ్రైవ్ మీద తారాపోర్‌వాలా అక్వేరియాన్ని రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ తర్వాత ముప్పై రెండేళ్లకు బెంగళూరుది. విశాఖపట్నంలో రామకృష్ణా బీచ్ ఒడ్డున ఉన్నదాని పేరు మత్స్యదర్శిని.

గాజు ఉన్నంత కాలం తొట్టి గదిలో, మనిషి బయట. గాజు పలక మందం పెరిగేకొద్దీ చూపుకు ఆకుపచ్చగా మారుతుంది, వంచడం కష్టం, బరువు ఎక్కువ. యాక్రిలిక్ వచ్చాక ఈ ఇబ్బందులు పోయాయి. ఎంత మందం పోసినా తేటగానే ఉంటుంది, వేడి చేస్తే వంగుతుంది. న్యూజీలాండులో కెల్లీ టార్ల్‌టన్ అనే గజ ఈతగాడు, మునిగిన ఓడల్లో నిధులు వెతికే మనిషి, ఈ గుణాన్ని పట్టుకున్నాడు. ఆక్లండ్‌లో వాడకం ఆగిపోయిన మురుగునీటి తొట్లు నేలలో ఖాళీగా పడి ఉంటే వాటిని తీసుకున్నాడు. యాక్రిలిక్ పలకలను పొయ్యిలో వేడి చేసి అర్ధచంద్రంగా వంచి, నీటి అడుగున సొరంగం కట్టాడు. 1985 జనవరిలో తెరిచాడు. సొరచేపలు తల మీదుగా ఈదుతుంటే జనం కింద నడిచారు. తెరిచిన కొద్ది వారాలకే ఆయన కన్నుమూశాడు. ఆయన సొరంగం మాత్రం ప్రపంచమంతా పాకింది. 2019లో చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వీజీపీ మెరైన్ కింగ్‌డమ్ అలాంటి సొరంగంతోనే తెరుచుకుంది. ఈ మధ్య వేసవి వచ్చిందంటే మన పట్నాల మైదానాల్లో రేకుల షెడ్లు వేసి అండర్‌వాటర్ టన్నెల్ ఎగ్జిబిషన్లు పెడుతున్నారు. ఏసీ గాలి, బయట మిర్చిబజ్జీలు, లోపల చేపలు.

మనవాళ్లు వలసపోయిన దేశాల్లో ఇంకా పెద్దవి ఉన్నాయి. దుబాయ్ మాల్‌లో 2008లో తెరిచిన అక్వేరియంలో కోటి లీటర్ల నీళ్లు. దాని ముందు పలక ముప్పాతిక మీటరు మందం. అట్లాంటాలో 2005లో తెరిచిన జార్జియా అక్వేరియం కోసం తిమింగల సొరచేపలను తైవాన్ నుంచి విమానంలో తెచ్చారు. బిడ్డల దగ్గరికి వెళ్లిన అమ్మానాన్నలను ఎండ మండే రోజు ఎక్కడికైనా తీసుకెళ్లాలంటే దుబాయ్‌లో మొదట తోచేది ఆ మాలే.

నన్ను మాత్రం ఆ సొరచేపల కన్నా కొర్రమీను ఎక్కువసేపు నిలబెడుతుంది. అక్వేరియంలో అది కనబడితే కొంచెం ఓపిక పట్టి చూడండి. అడుగున కట్టెలా కదలకుండా పడి ఉంటుంది. ఉన్నట్టుండి పైకి లేచి, మూతి నీళ్ల మీదికి పెట్టి, ఒక గుక్క గాలి మింగి, మళ్లీ అడుగుకు జారుతుంది. తలలో మొప్పల పైన దానికి గాలి పీల్చే గది ఒకటి ఉంది. నీళ్లలోని ప్రాణవాయువు దానికి చాలదు. పైకి రానివ్వకుండా అడ్డుకుంటే చేపే నీళ్లలో ఊపిరాడక చస్తుంది. మార్పు, ఇంగిలాయి అనే చేపలు కూడా గాలి మింగేవే. చెరువు ఎండి బురద మిగిలినప్పుడు ఆ బురదలో తడి పట్టుకుని బతికేవి ఇవే. కోలారు చెరువుల తీరు తెలిసిన చేపలివి. తొట్టి ముందు నిలబడి,

"అవ్వా, ఇది మన చెరువు చేపే కదా?" అని పిల్లవాడు అడిగితే,

"అవును నాయనా, పిల్లలు ఎర్రగా గుంపు కట్టి తిరుగుతాయి, తండ్రి చేప కాపలా కాస్తుంది. అప్పుడు వల వేయకూడదు" అని చెప్పగలిగే అవ్వలు ఈ జిల్లాలో ఇంకా ఉన్నారు.

చెరువులకు మళ్లీ నీళ్లొచ్చాయి. బెంగళూరు కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగునీటిని శుద్ధి చేసి కోలారు చెరువులకు తెచ్చే కేసీ వ్యాలీ పథకం నీళ్లు 2018 జూన్‌లో లక్ష్మీసాగర చెరువులోకి దిగాయి. మొదటి దశలో 126 చెరువులు నింపాలన్నది లెక్క. ఆ నీటి నాణ్యత మీద రైతులకూ ఉద్యమకారులకూ ఉన్న అనుమానాలు తీర్చవలసినవే. వాటికి జవాబు చెప్పే చోటుగా కూడా ఒక అక్వేరియం పనికొస్తుంది. లక్ష్మీసాగర నీళ్లు తెచ్చి తొట్టిలో పోసి, అందులో బొచ్చె, పరిగె ఎలా ఉన్నాయో, నీళ్లలో ప్రాణవాయువు ఎంత ఉందో రోజూ పలక మీద రాసి పెడితే చాలు.

ఆ అక్వేరియం కేజీఎఫ్‌లోనే ఉండాలని నా కోరిక. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. వైండింగ్ ఇంజన్ షెడ్లు, పంపు గదులు ఖాళీగా ఉన్నాయి. మురుగునీటి తొట్లలో ఆక్లండ్ చేయగలిగిన పని ఇక్కడ ఎందుకు కాదు? గనిలో గాలి దింపిన ఫ్యాన్లు, నీళ్లు తోడిన పంపులు ఒక గదిలో. కొర్రమీను, మార్పు, ఇంగిలాయి, వాలుగ, జెల్ల మరో గదిలో. పంపుల దగ్గర నిలబడి వివరం చెప్పడానికి గని పంపులు నడిపిన మేస్త్రీలకే ఉద్యోగం ఇవ్వాలి. టికెట్టు పది రూపాయలు, బడి పిల్లలకు ఉచితం, ఏప్రిల్, మే నెలల్లో సెలవు లేకుండా.