మాస్కు తీసేదెప్పుడు? టీకా లెక్క ఒక్కటే చాలదు

'టీకా వేయించుకున్నాం కదా, ఇంకా మాస్కు ఎందుకు?' కొవిడ్‌ టీకాల కార్యక్రమం ముమ్మరంగా సాగిన 2021లో రచ్చబండ మొదలు దేశ రాజధానుల వరకు వినిపించిన ప్రశ్న ఇది. నిబంధనను తొందరపడి ఎత్తివేస్తే వ్యాధి తిరగబెడుతుంది. అవసరం తీరాక కూడా కొనసాగిస్తే ప్రభుత్వ మాటపై ప్రజలకు నమ్మకం సడలుతుంది. తగిన సమయాన్ని నిర్ణయించడంలో ప్రభుత్వాలకు ఎదురైన అనుభవాలివి.

ఇజ్రాయెల్‌: పది రోజుల ముచ్చట

టీకాల పంపిణీలో ముందు వరుసలో నిలిచిన ఇజ్రాయెల్‌ 2021 ఏప్రిల్‌ 18న ఆరుబయట, జూన్‌ 15న భవనాల లోపల మాస్కు నిబంధనను తొలగించింది. డెల్టా రకం వైరస్‌ వల్ల కేసులు పెరగడంతో జూన్‌ 25న భవనాల లోపల మాస్కును తిరిగి తప్పనిసరి చేసింది.

అమెరికా: వెనుకడుగు

పూర్తిగా టీకా పొందినవారికి చాలాచోట్ల మాస్కు అక్కరలేదని అమెరికా వ్యాధి నియంత్రణ, నివారణ కేంద్రం (సీడీసీ) 2021 మే 13న ప్రకటించింది. అయితే ఎవరు టీకా పొందారో చూసి గుర్తించే వీలు లేదు. జులైలో ప్రావిన్స్‌టౌన్‌లో జనం గుమిగూడిన అనంతరం మసాచుసెట్స్‌ రాష్ట్రవాసులు 469 మందికి కొవిడ్‌ సోకినట్లు తేలింది. వారిలో 346 మంది పూర్తిగా టీకా పొందినవారే. ఆసుపత్రిలో చేరినవారు మాత్రం అతి స్వల్పం. టీకా తీవ్రతను తగ్గించినా వ్యాప్తిని పూర్తిగా ఆపలేదని దీనితో స్పష్టమైంది. వ్యాప్తి అధికంగా ఉన్న ప్రాంతాల్లో టీకా పొందినవారు సైతం భవనాల లోపల మాస్కు ధరించాలని జులై 27న సీడీసీ సూచించింది.

మారిన కొలమానం

2022 ఫిబ్రవరి 25న సీడీసీ కేసులతో పాటు ఆసుపత్రులపై భారాన్నీ లెక్కలోకి తీసుకుంది. వారంలో లక్ష జనాభాకు కొత్త కేసులు 200 కన్నా, ఆసుపత్రిలో చేరికలు 10 కన్నా తక్కువగా ఉండి, కొవిడ్‌ రోగులున్న పడకలు 10 శాతం లోపే అయితే ఆ ప్రాంతాన్ని 'తక్కువ' స్థాయిగా పరిగణించింది.

మనదేశంలో...

2021 జనవరి 16న మొదలైన టీకాల కార్యక్రమం అక్టోబరు 21 నాటికి 100 కోట్ల డోసులకు చేరింది. అయినా 2022 జనవరిలో ఒమిక్రాన్‌ ఉద్ధృతి తప్పలేదు. విపత్తు నిర్వహణ చట్టం కింద విధించిన కేంద్ర ఆంక్షలు 2022 మార్చి 31తో ముగిశాయి. మాస్కు ధరించాలన్న సూచన మాత్రం కొనసాగింది. ఏప్రిల్‌ 2న, ఉగాది నాడు, మహారాష్ట్ర మాస్కు నిర్బంధాన్ని తొలగించింది. ఆ నెల ఆరంభంలో జరిమానా ఎత్తివేసిన ఢిల్లీ, కేసులు పెరగడంతో అదే నెలలో రూ.500 జరిమానాను పునరుద్ధరించింది.

సడలింపునకు ముందు గమనించాల్సినవి

* వృద్ధులు, దీర్ఘరోగులకు టీకా ఎంతమేర అందింది?
* కొత్త రకం వైరస్‌ జాడ ఉందా?
* ఆసుపత్రిలో చేరికలు వరుసగా కొన్ని వారాలు తగ్గాయా?
* ఆసుపత్రులు, వృద్ధాశ్రమాల్లో నిబంధనను మరికొంతకాలం ఉంచాలా?
* ఏ స్థాయికి చేరితే మాస్కు మళ్లీ తప్పనిసరి అవుతుందో ప్రజలకు ముందే తెలియజేశారా?

చివరి అంశం కీలకం. ముందే చెప్పి మళ్లీ విధించిన నిబంధనను జనం జాగ్రత్తగా భావిస్తారు. చెప్పకుండా విధిస్తే మాట తప్పినట్లు భావిస్తారు.