పాత వ్యానులలో డ్రమ్ము బ్రేకుల సర్దుబాటు

డ్రమ్ము బ్రేకుల సర్దుబాటు అనగా చక్రంలోని బ్రేకు షూలకు, వాటి చుట్టూ తిరిగే డ్రమ్ముకు మధ్య అరుగుదల వలన పెరిగిన ఎడమును తిరిగి తగ్గించే పని. పాత వ్యానులలో వెనుక చక్రాలకు సాధారణంగా డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. ఆగిన బండిని కదలకుండా పట్టి ఉంచే చేతిబ్రేకు కూడా ఈ షూలనే ఉపయోగించుకొంటుంది. కాబట్టి ఈ రెండింటి సర్దుబాటును కలిపి చూడవలసి ఉంటుంది. ఈ వ్యాసంలో ఫోక్స్‌వ్యాగన్ టైప్ 2 వ్యానును ఉదాహరణగా తీసుకొనడమైనది. ఈ వ్యాను ఉత్పత్తి జర్మనీలో 1950లో మొదలైంది. దీని రెండవ తరం నమూనా అక్కడ 1967 నుండి 1979 వరకు తయారైంది. బ్రెజిల్ దేశంలో ఈ వ్యాను ఉత్పత్తి 2013 వరకు కొనసాగింది.

నిర్మాణం

డ్రమ్ము చక్రంతో పాటు తిరిగే పోత ఇనుప గిన్నె వంటిది. దాని లోపల, తిరగని వెనుక పళ్ళెం మీద అర్ధచంద్రాకారంలో రెండు షూలు అమర్చి ఉంటాయి. షూల వెలుపలి అంచున రాపిడిని కలిగించే లైనింగు ఉంటుంది. దీనినే మన మెకానిక్కులు లైనరు అంటారు. పెడలును తొక్కినపుడు బ్రేకు ద్రవం పీడనానికి చక్రపు సిలిండరులోని పిస్టన్లు షూలను వెలుపలికి నెట్టి డ్రమ్ముకు అదుముతాయి. పెడలును వదలగానే స్ప్రింగులు షూలను వెనక్కు లాగుతాయి.

చేతిబ్రేకుకు ద్రవంతో సంబంధం లేదు. పిడిని లాగినపుడు ఇనుప తీగ ఒక మీటను కదిలిస్తుంది. ఆ మీట, ఒక అడ్డుపట్టీ కలిసి షూలను విడదీస్తాయి. ద్రవం కారిపోయి కాలిబ్రేకు పనిచేయనప్పటికీ చేతిబ్రేకు పనిచేయగలగడానికి ఇదే కారణం.

సర్దుబాటు అవసరాన్ని గుర్తించుట

లైనింగు అరిగిన కొద్దీ షూ డ్రమ్మును చేరడానికి ఎక్కువ దూరం కదలవలసి వస్తుంది. అందువలన పెడలు లోతుకు దిగుతుంది. అయితే పెడలు దిగడానికి ఇదొక్కటే కారణం కాదు.

* ఒకసారి తొక్కితే లోతుకు దిగి, వెంటవెంటనే రెండు మూడు సార్లు తొక్కితే పైకి వచ్చి గట్టిపడినచో, సాధారణంగా సర్దుబాటు అవసరమని అర్థం.
* పెడలు స్పంజి వలె మెత్తగా ఉన్నచో గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు.
* కాలు అదిమి ఉంచగా పెడలు మెల్లగా కిందికి జారిపోతున్నచో ద్రవం కారుతున్నది, లేదా ప్రధాన సిలిండరు పాడైనది.

చివరి రెండు లోపాలు సర్దుబాటు వలన తొలగవు. వీటిని మరమ్మతు చేయకుండా బండిని నడపరాదు.

షూల సర్దుబాటు

బ్రేకులు చల్లారిన తరువాతనే ఈ పని చేయాలి. వేడికి డ్రమ్ము వ్యాకోచిస్తుంది. వేడిగా ఉన్నపుడు సర్దినచో, చల్లారి సంకోచించిన తరువాత డ్రమ్ము షూలను పట్టివేస్తుంది.

1. వ్యానును సమతలమైన నేల మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మెలు అడ్డు పెట్టాలి.
2. వెనుక భాగాన్ని జాకీతో లేపి గట్టి స్టాండుల మీద ఉంచాలి. కేవలం జాకీని నమ్మి బండి కిందికి పోరాదు.
3. గేరును న్యూట్రలులో ఉంచి చేతిబ్రేకును పూర్తిగా వదలాలి. దాని తీగలు బిగువుగా ఉన్నచో ముందుగా వదులు చేయాలి.
4. వెనుక పళ్ళెంలోని రంధ్రాల రబ్బరు మూతలు తీయాలి. ఒక్కొక్క షూకు ఒకటి చొప్పున లోపల పళ్ళచక్రాలు కనిపిస్తాయి.
5. స్క్రూడ్రైవరుతో ఒక పళ్ళచక్రాన్ని, చక్రం చేతితో తిరగనంత వరకు బిగించాలి. తరువాత చక్రం స్వేచ్ఛగా తిరిగే వరకు మూడు నాలుగు పళ్ళు వెనక్కు తిప్పాలి. రెండవ దానిని కూడా ఇట్లే చేయాలి. రెండింటి బిగింపు దిశలు పరస్పరం వ్యతిరేకంగా ఉంటాయి.
6. పెడలును కొన్నిసార్లు తొక్కి, షూలు మధ్యకు సర్దుకొన్న తరువాత మరల పరీక్షించాలి.

చక్రం ఒక చుట్టులో ఒకే చోట పట్టినట్లుంటే డ్రమ్ము గుండ్రదనం కోల్పోయి ఉండవచ్చు. రెండవ వైపు చక్రానికి కూడా ఇదే విధంగా సర్దుబాటు చేయాలి. రెండు వైపుల ఎడము సమానంగా లేనిచో బ్రేకు వేసినపుడు బండి ఒక పక్కకు లాగవచ్చు.

చేతిబ్రేకు సర్దుబాటు

షూల సర్దుబాటు ముగిసిన తరువాతనే తీగల జోలికి పోవాలి. పిడి ఎక్కువ దూరం వస్తున్నదని ముందుగా తీగలనే బిగించడం తరచుగా జరిగే పొరపాటు. అట్లు చేసినచో పిడి బిగువుగానే తోస్తుంది గాని, షూలకు, డ్రమ్ముకు మధ్య అరుగుదల అట్లే మిగిలిపోతుంది. షూలు తమ స్థానానికి పూర్తిగా తిరిగి రావు. అవి డ్రమ్ముకు రాసుకొంటూ వేడెక్కి మరింత త్వరగా అరిగిపోతాయి.

తీగల కొనలలోని నట్లను సమానంగా బిగించి, పిడిని ఒక్కొక్క మెట్టు లాగుతూ చక్రాలను తిప్పి చూడాలి. సుమారు రెండు మెట్లకు రెండు చక్రాలలో సమానమైన ఒరిపిడి, నాలుగు మెట్లకు చేతితో తిప్పలేనంత పట్టు కలగాలి. పిడిని వదలగానే రెండూ స్వేచ్ఛగా తిరగాలి. ఒక చక్రం మాత్రమే పడుతున్నచో రెండవ తీగ తుప్పు పట్టినదేమో చూడాలి. చివరకు లాకునట్లను బిగించాలి.

జాగ్రత్తలు

పాత లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని ధూళిని పీల్చడం వలన క్యాన్సరు వంటి ప్రాణాంతక వ్యాధులు కలుగుతాయి. కాబట్టి డ్రమ్ములోని ధూళిని నోటితో గాని, గాలి గొట్టంతో గాని ఊదరాదు. తడిగుడ్డతో తుడవాలి. లైనింగు నూనెతో గాని, బ్రేకు ద్రవంతో గాని తడిసినచో సర్దుబాటు నిరుపయోగం. కారుడును ఆపి లైనింగును మార్చాలి. పని పూర్తయిన పిమ్మట జనసంచారం లేని చోట తక్కువ వేగంతో పరీక్షించి, ఆ తరువాతనే రహదారి మీదికి తీసుకుపోవాలి.

భారతదేశంలో

1984 నుండి 2019 వరకు తయారైన మారుతి వ్యానుకు, అనగా తరువాత ఓమ్నిగా పేరు మారిన బండికి, వెనుక డ్రమ్ము బ్రేకులే ఉండేవి. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమావళిలోని 96వ నియమం బ్రేకులకు సంబంధించినది. దీని ప్రకారం కార్లు, వ్యానుల వంటి వాహనాలకు కాలిబ్రేకు, పార్కింగు బ్రేకు అనే రెండు స్వతంత్ర వ్యవస్థలు ఉండాలి.