మనోవికాస్ నగర్ నుంచి సేటు కొట్టు దాకా

నల్లగొండలో ఎర్రబస్సెక్కి, హైదరాబాద్‌లో సిటీ బస్సు మారి, బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్ చేరేసరికి ఎండ నడినెత్తిన ఉండేది. మా తమ్ముడు దారి పొడవునా అమ్మ కొంగు వేలికి చుట్టుకుని కూర్చునేవాడు. 1984లో జాతీయ మానసిక వికలాంగుల సంస్థగా మొదలై, తర్వాత ఎన్ఐఈపీఐడీగా పేరు మార్చుకున్న ఆ ప్రాంగణానికి నలభై ఏళ్లు నిండాయి. దాని చరిత్ర రాయమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఒక పట్టిక.

ఎఫ్ఏసీపీ అంటారు దాన్ని. సొంత పనులు, నలుగురిలో మెలగడం, చదువు, పనిపాట, ఆటవిడుపు అని భాగాలు. ప్రతి పనికీ ఎదురుగా ఒక గుర్తు వేస్తారు: తనంతట తాను చేస్తాడా, చెబితే చేస్తాడా, చెయ్యి పట్టి చేయించాలా. ‘ఎన్ఈ’ అని ఇంకో గుర్తుంది. ఆ పని చేసే సందర్భమే రాలేదని దానర్థం. తమ్ముడి పట్టికలో నలుగురిలో మెలిగే భాగమంతా అదే. మేమెన్నడూ వాణ్ని గడప దాటనివ్వలేదు మరి.

ఆ గుర్తు చెరిపెయ్యాలని సాయంత్రం పాల ప్యాకెట్‌తో మొదలుపెట్టాం. సేటు కొట్టు ముందు ఆగడం, ముందున్నవాళ్లు కదిలేదాకా చూడటం, నోటివ్వడం, చిల్లర తీసుకోవడం. చిల్లర దగ్గరే ఆరు నెలలు పట్టింది. నోటు ఇవ్వగానే ఇంటికి పరుగు! “ఆగు బిడ్డా, చిల్లర” అని సేటు రోజూ అదే మాట, అదే గొంతుతో అనేవాడు. మేమే అలా అడిగాం. మాట మారితే వాడికి పనే మారిపోయినట్టు. తర్వాత మాట పోయి వేలు చూపడం మిగిలింది. ఆఖరికి అదీ అక్కర్లేకపోయింది.

తమ్ముడు చిన్నప్పుడు మీద పడి హత్తుకుంటే అందరూ ముద్దు చేశారు. ముప్పై ఏళ్లవాడు బస్టాండులో పరాయి మనిషి చెయ్యి పట్టుకుంటే కొడతారు. అందుకే దూరంగా నిలబడి నమస్తే పెట్టడం నేర్పాం. ఎవరైనా ముట్టుకుంటే “వద్దు” అనడమూ నేర్పాం. ఈ రెండోది ఇంకా ముఖ్యం.

1995 వికలాంగుల చట్టంలో తమ్ముడికున్న ఆటిజం ఊసే లేదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో వచ్చింది, 2016 చట్టం 21 వైకల్యాల్లో దాన్నీ చేర్చింది. వికలాంగుల ఆసరా పింఛను 2023లో 4,016 రూపాయలైంది. మండలాల్లో ఇలాంటివాళ్లకు నేర్పే భవిత కేంద్రాలున్నాయి, కానీ అవి బడి ఈడు పిల్లలవి. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పద్దెనిమిది దాటినవాళ్లు మళ్లీ ఇంటి మూలకే చేరుతున్నారు. ఆ భవిత గదులనే సాయంత్రాలు వాళ్ల కోసం తెరవమని అడుగుతున్నాను.

మొన్న సేటు కొట్టు మూసి ఉంది. తమ్ముడు ఏడవలేదు, తల బాదుకోలేదు. తిరిగొచ్చి నోటు అమ్మ చేతిలో పెట్టాడు. పట్టికలో దానికి గడి లేదు. పక్కన ఖాళీలో పెన్సిల్‌తో నేనే రాశాను.