కలివికోడి పలికిన జవాబు

అమెరికాలో నక్కను పోలిన కొయోటీని వేటాడేవారు గాయపడిన కుందేలు అరుపును యంత్రంతో వినిపిస్తారు. ఒకప్పుడు గ్రామఫోన్ రికార్డులు, తరువాత క్యాసెట్లు, ఇప్పుడు డిజిటల్ పరికరాలు. తిండి దొరుకుతుందని వచ్చిన కొయోటీ తుపాకికి చిక్కుతుంది.

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను అరికట్టింది. అయితే ఇటువంటి ఉపాయమే కడప జిల్లాలో మరో పనికి ఉపయోగపడింది. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన కలివికోడి 1900 తరువాత కనిపించలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో లంకమల ప్రాంతంలో ఒక స్థానిక వేటగాడికి రాత్రివేళ దొరికింది.

పగలు పొదల్లో దాగి, రాత్రి తిరిగే పక్షిని కళ్లతో వెతకడమెలా? బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఈ శతాబ్ది ఆరంభంలో దాని కూతను రికార్డు చేశారు. పొద్దుగూకాక పొదల మధ్య ఆ కూతను వినిపించి చెవులు రిక్కించేవారు. జవాబు వస్తే పక్షి ఉన్నట్లే. రాకపోతే మాత్రం లేదని చెప్పలేము.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదలను తాకింది. ఇది కలివికోడి నివాసమని పరిశోధకులు ఆధారాలు చూపారు. చివరకు కాలువ దారి మార్చారు.

ఈ పద్ధతికీ హద్దు ఉంది. కూతను పదేపదే వినిపిస్తే, తన చోటికి మరో పక్షి వచ్చిందనుకొని అసలు పక్షి మేత మాని కలవరపడవచ్చు. అందుకే పిలిచేవారు తక్కువసార్లు పిలవాలి, ఎక్కువసేపు వినాలి.